గోపాలం చెప్పిన పదేళ్లు

ఖరగ్‌పూర్ తాల్‌బగీచా పేటలో మా పక్కింటి గోపాలానికి వైన్ గురించి తెలియనిది లేదు. తాగడం ఒక్కటే తెలియదు. రైల్వే ఆఫీసులో రిటైరయ్యాక, కోల్‌కతా హోటల్లో ఎవరో పెట్టిన రెండు రోజుల క్లాసుకు వెళ్లొచ్చాడు. అప్పటినుంచి ఎవరింట్లో సీసా కనబడినా గ్లాసులో పోసి తిప్పుతాడు, ముక్కు దూరుస్తాడు, పుక్కిలించి ఉమ్మేస్తాడు. మింగితే మడి పోతుందట, పుక్కిలిస్తే పోదట. ఇది ఏ శాస్త్రమయ్యా అంటే, పెద్ద పెద్ద నిపుణులంతా ఉమ్మేవాళ్లేనని నాకే పాఠం చెప్పాడు.

ఎదురింటి హెన్రీ మాత్రం అతన్ని నమ్మాడు. హెన్రీ ఆంగ్లో ఇండియన్, రైలు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఇంజన్లో బొగ్గు వేసే మన ఫైర్‌మెన్ల దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. బతుకంతా సిగ్నల్ చూసి బండి నడిపినవాడు కాబట్టి ఎవరు ఆగమన్నా ఆగుతాడు. అతని ఊపిరితిత్తులు పాడయ్యాయి. వచ్చే చలికాలం దాకా ఉండడం కష్టమని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట అన్నప్పుడు పక్క కుర్చీలో కూర్చుని విన్నది గోపాలమే.

అప్పుడే హెన్రీ కూతురు ఎమిలీ బెంగళూరు నుంచి రెండు సీసాల ఎర్ర వైన్ తెచ్చింది. ఫ్రాన్సులో బర్గండీ అనే చోట చేసే పద్ధతిలో చేసిన ఖరీదైన సరుకు. హెన్రీ మమ్మల్నిద్దర్నీ పిలిచి ఒకటి తెరిచాడు. గోపాలం కళ్లు మూసుకుని చాలాసేపు పుక్కిలించాడు.

"ఏటి గోపాలం, రెండోది కూడా మనం ముగ్గురం తాగేద్దుమా?" అన్నాడు హెన్రీ ఆశగా.

"తాగెయ్యడానికి ఇది కల్లేటి? పులుపు నిలబడింది, వగరు ఇంకా కరగలేదు. పదేళ్లు ఉంచు. అప్పుడు తెలుస్తాది దీని గొప్ప."

పదేళ్లు! ఎదురుగా ఆయాసపడుతున్న మనిషి వయసు కంటే ఆ సీసా వయసే అతనికి ముఖ్యం. పైగా, గాలి తగిలాక మర్నాటికి రుచి ఎలా మారుతుందో చూడాలంటూ తెరిచిన సీసాను తనింటికి పట్టుకుపోయాడు. హెన్రీకి దక్కింది ఒక్క గుక్క.

ఆ రెండో సీసాను హెన్రీ మంచం కింద పడుకోబెట్టి తడి గోనె చుట్టాడు. ఖరగ్‌పూర్ ఎండలకు గోనె పూటకోసారి ఆరిపోయేది. హెన్రీ దగ్గుతూ, నేలమీద పాకుతూ మళ్లీ తడిపేవాడు. తాగేయమని నేను ఎన్నిసార్లు చెప్పినా, గోపాలం వద్దన్నాడు కదా అనేవాడు.

దసరాకు దుర్గాపూజ పందిళ్లు వేస్తుండగా హెన్రీ పోయాడు. ఖననం అయ్యాక ఎమిలీ ఆ గోనె విప్పింది. నాన్న మీ ఇద్దరితో కలిసి తాగాలనుకున్నాడంటూ మూడు గ్లాసుల్లో పోసింది. నేను గటగటా తాగేశాను. రుచి గమనించే స్థితిలో లేను. గోపాలం గ్లాసు తిప్పాడు, వాసన చూశాడు, పుక్కిలించాడు. లేచి వెళ్లి హెన్రీ వాష్‌బేసిన్‌లో ఉమ్మేశాడు.

"చెప్పినాను కదమ్మా, తొందరపడినావు. ఇంకా ఉంచాల్సింది," అన్నాడు.

అంత సిగ్గులేని ముఖం నేనెక్కడా చూడలేదు. ఎమిలీ కుళాయి తిప్పి, ఆ ఎరుపంతా పోయేదాకా వాష్‌బేసిన్ కడిగింది.