పార్కు దోవ బేరం

బేరం ఆడకుండా ఒక వస్తువును ఇంటికి తెచ్చుకోవచ్చని, నాకు ఇరవై మూడేళ్లున్న ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే, పాపం వాళ్లకు ఒంట్లో బాగాలేదేమోనని దిగులుపడి ఉండేవాణ్ణి. హిందూపురంలో మాది స్టీలు సామాన్ల అంగడి. పుట్టింది ఆస్పత్రిలోనే గానీ నేను పెరిగింది గంగాళాల మధ్య. బేరంలో నా గురువు ధర్మవరంలో ఉండే మా మేనత్త. ఆమె చీరల అంగట్లో అడుగుపెడితే అంగడాయన ముందు ఆమెకు కాఫీ తెప్పించేవాడు, గంట తర్వాత ఓపిక కోసం తనకూ ఒకటి తెప్పించుకునేవాడు. ఆమె నాకు నేర్పిన సూత్రం ఒకటే. "మనకు కావాల్సింది ఎప్పుడూ అడగొద్దురా. దానికి రెండింతలు అడగాల. వాళ్లు సగం కోస్తారు. అప్పుడు మొగం మాడ్చుకోని, ఇష్టం లేనట్టు ఒప్పుకోవాల." మొగం మాడ్చుకోవడంలో నాకు చిన్నప్పుడే మంచి పేరొచ్చింది. (పదో తరగతిలో లెక్కల సారును ఇరవై మార్కులు కలపమని అడిగి, పది తెచ్చుకుని, ఇల్లు చేరేదాకా ఏడుపు మొగంతోనే నడిచాను. నాకు కావాల్సింది ఎనిమిదే.)

ఆ ఏడాది మా నాయనకు సుగరు వచ్చింది. రోజూ గంటసేపు సైకిలు తొక్కమన్నాడు డాక్టరు. నాయన అక్కడా బేరం పెట్టి దాన్ని ముప్పావు గంటకు దించి, గెలిచినవాడిలా ఇంటికొచ్చినాడు. అటక మీది పాత సైకిలు దించి, నూనె పోసి, మా అంగడి వెనకున్న మున్సిపాలిటీ పార్కులో పొద్దున్నే తొక్కడం మొదలుపెట్టినాడు. పార్కు అంటే మీకు చెట్లూ పూలూ గుర్తుకొస్తాయేమో. మాకు గుర్తొచ్చేది అడ్డదోవ. పార్కు నడుమ ఒక తారురోడ్డు ఉంది. ఒక చివర గేటు మా అంగడి సందులోకి, ఇంకో చివర గేటు పెద్దరోడ్డు మీదికి. ఆ రోడ్డు మీద సైకిళ్లు, ఆటోలు, మోటారుసైకిళ్లు, కారు నేర్చుకునేవాళ్లు, వాళ్లను చూసి పరుగు నేర్చుకునే వాకింగువాళ్లు, అందరూ ఒకరినొకరు తిట్టుకుంటూ కలిసిమెలిసి ఉండేవాళ్లు.

వాళ్లందరిలో ముఖ్యుడు హారన్ మామ. మా అంగడి సామాన్లు వేసే లగేజి ఆటో ఆయనదే. చెట్టు మీద కాకికి కూడా హారన్ కొట్టి సైడ్ అడిగే మనిషి కాబట్టి ఊరంతా ఆ పేరే ఖాయం చేసింది. ఒకరోజు పొద్దున మా అంగడికే వస్తూ, ముందు పోతున్న నాయన చెవి పక్కన హారన్ కొట్టినాడు. నాయన సైకిలుతో సహా పూలమొక్కల కంచెలో పడినాడు. నేను పరిగెత్తి పోయేసరికి ఇద్దరూ మాటల్లో ఉన్నారు.

"సైకిలు తొక్కేవాళ్లు ఓరగా పోవాల గదప్పా," అంటున్నాడు మామ.

"ఓరగానే పోతాంటి," అన్నాడు నాయన కంచెలోంచి లేవకుండానే. "ఇంకా ఓరగా పోవాలంటే చెట్టెక్కాల."

మోకాలి చర్మం లేచింది, అంతే. కానీ పడినప్పుడు చుట్టూ నవ్విన నలుగురిలో ఇద్దరు మా ఖాతాదారులు. నాయన సైకిలును మళ్లీ అటకెక్కించినాడు. "నాకు సైకిలొద్దు, ఏమొద్దు. ఉన్నన్నాళ్లు ఉంటా," అని తేల్చేసినాడు. నెల తిరిగేసరికి సుగరు ఇంకా ఎక్కింది. ఇట్లే ఉంటే రోజూ సూది వేసుకోవాల్సి వస్తుందన్నాడు డాక్టరు. మా నాయన దేనికీ భయపడని మనిషి, సూదికి తప్ప. ఆ సాయంత్రం అంగట్లో కూర్చుని, ఎవరో అడిగిన గిన్నెకు మొదటి మాటలోనే ధర తగ్గించేసినాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

ఆయన్ను మళ్లీ సైకిలు ఎక్కించాలంటే పొద్దున ఒక గంటసేపు పార్కులోకి ఆటోలు రాకుండా చూడాలి. ఒక్క గంట, అంతే నాకు కావాల్సింది. మేనత్త సూత్రం ప్రకారం రెండు గంటలు అడిగితే సరిపోయేది. కానీ ఆఫీసువాళ్లు అంగళ్లవాళ్ల కన్నా గట్టిగా కోస్తారని విన్నాను. అందుకని సూత్రాన్ని కాస్త సాగదీసి, ఇంజిను ఉన్న బండి ఏదీ, ఏ రోజూ, ఏ గంటలోనూ పార్కులోకి రాకూడదని అర్జీ రాసి, వాకింగువాళ్ల సంతకాలు పెట్టించి, అన్నిటికన్నా పైన నా సంతకం పొడుగ్గా పెట్టుకుని మున్సిపాలిటీ ఆఫీసుకు బయలుదేరాను.

పార్కులు చూసే మేడం కొత్తగా వచ్చింది, కోస్తా వైపు మనిషి. ఆమె అర్జీ చదువుతున్నంతసేపూ నేను మొగాన్ని మాడ్చడానికి సిద్ధం చేసుకుంటున్నాను.

"చాలా న్యాయంగా ఉందండి," అంది కాగితం పక్కన పెట్టి. "సరే."

"సరేనా మేడం?"

"సరేనండి."

"అంటే... మొత్తమా?"

"మీరు మొత్తమనే రాశారు కదండీ."

ఇదేమి మనిషి అనిపించింది. ఒకరు అడిగితే ఇంకొకరు తగ్గించాలి, అది మర్యాద. ఆమె తగ్గించకపోయేసరికి ఆమె తరఫు బేరం కూడా నేనే ఆడాల్సి వచ్చింది. "తమరికి కష్టమైతే పొద్దున ఒక గంటైనా చాలు మేడం," అన్నాను. "కష్టం ఏముందండీ, పార్కన్నాక అలాగే ఉండాలి," అంటూ ఆమె సంతకం చేసేసింది. (ధర కాగితం అంటించి పెట్టిన పెద్ద అంగళ్లలోనే ఆమె సరుకులు కొంటుందని తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే అర్జీ వేరేగా రాసేవాణ్ణి.)

ఇంటికొచ్చి చెబితే నాయన తుడుస్తున్న బిందెను కింద పెట్టినాడు.

"ఏమడిగినావు?"

"ఇంజిను ఉండే బండ్లేవీ రాకూడదని."

"ఎంత ఇచ్చినారు?"

"అంతా."

"అడిగిందంతా ఇచ్చినారా? అయితే మనం యాడో దెబ్బ తిన్నాం." మళ్లీ బిందె చేతికి తీసుకుని, దాని లోపలికి చూస్తూ అడిగినాడు. "ఒరే, మామ ఆటో దేంతో నడుస్తాదిరా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా సందుకు రెండే దోవలు. ఒకటి పార్కులోంచి. ఇంకోటి కూరగాయల మార్కెట్టు మీదుగా. అక్కడ తెల్లారినప్పటి నుంచి పదకొండు దాకా టమాటా గంపలు రోడ్డంతా పరుచుకుని ఉంటాయి. ఆటో కాదు కదా, ఆలోచన కూడా దూరదు.

నాలుగో రోజుకు రెండు గేట్ల దగ్గరా మూడేసి ఇనప కడ్డీలు నాటినారు. సైకిలు పడుతుంది, ఆటో పట్టదు. ఆ రోజే పెనుకొండలో ఒక పెళ్లి. వంటకు కొత్త గంగాళాలు, బొక్కెన్లు, గంటెలు మా అంగడి నుంచే పోవాలి. తొమ్మిదికంతా వాటిలో ఎసరు పెట్టాలి. ఆరున్నరకు పెద్దరోడ్డు గేటు దగ్గర నుంచి హారన్ మోగడం మొదలైంది. మామ కడ్డీలను సైడ్ అడుగుతున్నాడు. అవి ఇవ్వకపోయేసరికి నాకు ఫోను చేసినాడు.

"ఏమప్పా, ఈడ ఎవురో తలకాయ లేనోడు కడ్డీలు నాటించినాడే. ఇప్పుడు లోపలికి ఎట్ల వచ్చేది?"

"అవును మామా, ఎవరో," అన్నాను.

నాయన పక్కనే ఉన్నాడు. అంగడి మాట పోతే ఆయనకు సూది కన్నా ఎక్కువ నొప్పి. మేడం కాళ్లు పట్టుకుని ఒక కడ్డీ పీకించుకొస్తానన్నాను. "ఆ యమ్మ మాట మీద నిలబడే మనిషి మాదిరి ఉండాది. ఒగసారి ఇచ్చింది వాపసు తీసుకోదు," అన్నాడు నాయన. "సైకిలు దించు."

క్యారియరు మీద గంగాళం బోర్లించి, తాడుతో కట్టి, హ్యాండిలుకు అటూ ఇటూ బొక్కెన్లు తగిలించి, మా నాయన పంచె ఎగ్గట్టి సైకిలెక్కినాడు. బెల్లు అవసరం లేకపోయింది. గుంత వచ్చినప్పుడల్లా గంగాళం మోత మోగేది, వాకింగువాళ్లు ఇటు సగం అటు సగం చీలిపోయేవాళ్లు. వెనక నేను గంటెల కట్ట భుజానేసుకుని పరుగు. మొదటి తడవ దించేసరికి మామ ఆటోలోంచి దిగి నిలబడిపోయినాడు.

"ఇదేం శబ్దం సామీ. నా హారన్ ఎందుకూ పనికిరాదు," అన్నాడు.

"సైడ్ ఇస్తావా, ఇయ్యవా?" అన్నాడు నాయన. ఆ నెలంతటిలో ఆయన నవ్వడం అదే మొదలు.

మొత్తం తొమ్మిది తడవలు తిరిగినాడు. ఆఖరి మూడు తడవలకు మామ కూడా బొక్కెన్లు మోసినాడు. ఏడున్నరకు ఆటో కదిలింది. తొమ్మిదికి పది నిమిషాలుందనగా పెనుకొండ నుంచి వంటాయన ఫోను చేసి, గంగాళాలు పొయ్యెక్కినాయి గానీ పెద్ద గంటె ఒకటి తక్కువ ఉందన్నాడు. అది నా భుజం మీదే ఉండిపోయింది. పెనుకొండవాళ్లు దానికి కూడా బేరంలో తగ్గించుకున్నారు, నేను మొగం మాడ్చుకున్నాను. ఈసారి నిజంగానే.

మేడం కడ్డీలు పీకించలేదు. దాంతో ఏ పొద్దున సామాన్లు పోవాలన్నా నాయనే తొక్కాల్సి వచ్చింది. నన్ను తొక్కనిస్తే గంగాళానికి సొట్ట పడుతుందట. మూడు నెలలకు డాక్టరు సూది మాట మానేసినాడు. నాయన అప్పటికే ఒక మాత్ర తీసేయమని బేరం పెట్టి, అరమాత్ర దగ్గర తెంచుకున్నాడు. పార్కులో మామ ఆటోకు దోవ లేకుండా చేసింది ఎవరో మామకు తెలుసు. అయినా ఈనాటికీ నా ముందు "ఆ తలకాయ లేనోడు" అనే అంటాడు, పేరు చెప్పకుండా, మర్యాదగా.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న పొద్దున నేను కారులో టమాటా గంపల మధ్య ఇరుక్కున్నాను. పదిహేనేళ్లలో నాకు కారు వచ్చింది, పొట్ట వచ్చింది, ఈ మధ్య సుగరు కూడా వచ్చింది. ముందుకు పోలేను, వెనక్కి రాలేను. హారన్ కొడుతూ, ఆ పార్కు కడ్డీలు నాటించినవాణ్ణి మనసులో తిట్టుకుంటూ ఉన్నాను. అద్దం మీద ఎవరో తట్టినారు. చూస్తే నాయన, అదే సైకిలు మీద.

"యాడికబ్బా?"

"డాక్టరు కాడికి నాయనా."

"ఈడనే సంత ముగిసేదాకా కూర్చుంటావా? కారు తాళమేసి రా. క్యారియరు ఖాళీగానే ఉండాది."

డెబ్బై దగ్గరపడిన నాయన తొక్కుతూ ఉంటే వెనక నేను కూర్చుంటే ఊరు ఏమనుకుంటుంది? దిగి, కొడుకు అన్నాక అనాల్సిన మాటే అన్నాను. "నువ్వు వెనక కూర్చో నాయనా. ఆస్పత్రి దాకా మొత్తం నేనే తొక్కుతా." వద్దులేరా, పార్కు దాటేదాకా చాలు అంటాడని నా లెక్క. ఎంతైనా నాకు ఆ బేరాల రక్తం ఇచ్చినవాడు కదా.

"సరే," అన్నాడు నాయన. అని, పంచె సర్దుకుని, క్యారియరు మీద నిదానంగా కూర్చున్నాడు.

కడ్డీల మధ్య నుంచి పార్కులోకి దూరేసరికే నాకు ఆయాసం మొదలైంది. ఆ చివర గేటు బయట తన ఆటోలో కూర్చున్న హారన్ మామ మమ్మల్ని చూసి, "ఏమప్పా, ఈరోజు లోడు ఎక్కువైనట్టుండాదే," అన్నాడు. వెనక నాయన ఏదో పాత పాట కూనిరాగం తీస్తున్నాడు. చేతిలో అర్జీతో, మాడ్చడానికి సిద్ధంగా పెట్టుకున్న మొగంతో ఆఫీసు మెట్లెక్కిన ఆ ఇరవై మూడేళ్లవాడు ఎక్కడైనా కనిపిస్తే, ఒక్క గంటే అడుగురా, చాలు అని చెబుదామనుకున్నాను. కానీ అట్లా అడిగి ఉంటే, ఈ పొద్దున నా క్యారియరు మీద ఇంత బరువు ఉండేది కాదేమో అనిపించి, ఇంకొంచెం గట్టిగా తొక్కాను.