అట్టపడవలో రాజకుమారి

మా మనవరాలు చదివే పుస్తకాల అట్టల మీద ఎప్పుడూ ఒక అమ్మాయి బొమ్మ ఉంటుంది. చేతిలో కత్తి, గాలికి ఎగురుతున్న జుట్టు, ఎవరినీ లెక్కచెయ్యని చూపు. పాత రాజకుమారి కథలనే ఈ కాలం పిల్లల కోసం తిరగరాసిన పుస్తకాలవి. వీటిలో రాజకుమారి కోటలో కూర్చుని ఏడవదు. రాకుమారుడి కోసం ఎదురుచూడదు. రాక్షసుడిని తానే చంపేస్తుంది.

"అమ్మమ్మా, యే వాలీ పఢో. హీరోయిన్ చాలా స్ట్రాంగ్," అంటూ ఒకటి నా ఒళ్ళో పడేసింది. బ్రూక్షాబాద్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని, బడిపంతులుగా చేసి రిటైరైన ఓపికతో పూర్తిగా చదివాను. యుద్ధం చేసి వచ్చిన పిల్ల ఒంటికి చెమట వాసన లేదు. నెలల తరబడి అడవిలో తిరిగినా ముట్టు రాలేదు. ఒక్కసారైనా భయంతో కడుపులో తిప్పలేదు. చివరికి రాజ్యంలో జనమంతా లేచి నిలబడి ఆమెకు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు చదివేసరికి నాకు నోరంతా చేదైపోయింది.

"అచ్ఛా నహీ లగా?" అని అడిగింది మనవరాలు.

"లేదే తల్లీ. రోత పుట్టింది," అన్నాను.

ఎందుకని అడిగింది. చెప్పబోతే చాలా పెద్ద కథ అయ్యేలా ఉంది. అందుకే రాస్తున్నాను.

నేను తొమ్మిదో తరగతి చదువుతున్న రోజులవి. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి మావాళ్ళు కొందరు ముందు, కొందరు వెనక సముద్రం దాటి ఈ దీవులకు వచ్చి స్థిరపడ్డారు. నాన్న నాలుగు అక్షరాలు నేర్చుకోబట్టి ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. ఆయన చెల్లెలికి, అంటే మా అత్తకు, చదువు లేదు. చేపల వేటకెళ్ళే మనిషికే ఇచ్చి చేశారు. అత్తా మావయ్యా మా ఇంటికి దిగువన, ఒడ్డున ఉన్న జాలర్ల ఇళ్ళ వరసలో ఉండేవారు. వాళ్ళకు ఒక డోంగీ ఉండేది. డోంగీ అంటే ఇక్కడివాళ్ళం తెడ్లు వేసుకుని నడుపుకునే చిన్న పడవ.

అత్త చూడటానికి పొట్టిగా, బొద్దుగా ఉండేది. బల్లిని చూస్తే కెవ్వుమనేది. ఆమెను చూసి వీరనారి అని ఎవరూ అనుకోరు.

ఒకరోజు వంటచెరకు కోసం ఇద్దరూ డోంగీలో ఎదురుగా కనిపించే దీవికి వెళ్ళారు. తిరిగి బయలుదేరే ముందు మావయ్య పడవను నీళ్ళలోకి తోస్తూ, రాయిలా పడి ఉండే విషపు చేపను తొక్కాడు. దాని ముల్లు పాదంలో దిగింది. కాసేపట్లో కాలు మొద్దులా వాచింది. మావయ్య పడవలో పడి దొర్లాడు, వాంతులు చేసుకున్నాడు, నురగలు కక్కాడు. ఒడ్డున పిలిస్తే పలికేవాళ్ళు లేరు. అత్త అంతకు ముందు ఎప్పుడూ తెడ్డు పట్టలేదు. మావాళ్ళలో ఆడది తెడ్డు పట్టకూడదు.

ఆ రోజు పట్టింది. ఎదురుగాలి. పడవ ఒక బారెడు ముందుకు పోతే అరబారెడు వెనక్కి వచ్చేదట. కట్టెలన్నీ నీళ్ళలో పారేసింది. అరచేతుల తోలు ఊడిపోతే, చీర కొంగు చింపి చేతులకు చుట్టుకుంది. మావయ్య వాంతి వాసనకు తానూ వాంతి చేసుకుంది. పొద్దు వాలే వేళకు ఆ డోంగీ ఒడ్డుకు రావడం నేను నా కళ్ళతో చూశాను. అత్త దిగి నిలబడలేక ఇసకలో మోకాళ్ళ మీద పడిపోయింది. మావయ్యను ఎవరో భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. బతికాడు.

ఇదే పుస్తకంలో అయితే ఇక్కడ చప్పట్లు మోగాలి.

మావయ్య ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక, వలలు బాగుచేసుకునే పాకలో కులపెద్ద అందరినీ కూర్చోబెట్టాడు. ఆ వారం ఎవరికీ సరిగా చేప పడలేదు. కారణం వెతకాలి కదా. కులపెద్ద మంచి మాటకారి. ఎప్పుడూ నోట్లో పాన్ ఉండేది. మా అమ్మ వెనక నక్కి నేనూ వెళ్ళాను.

"పిల్లా, ఉన్నమాట సెప్పు. ఆ దినం నువ్వు బయటున్నావా?" అని అడిగాడు కులపెద్ద.

ముట్టులో ఉన్నావా అని ఆ ప్రశ్నకు అర్థం. అంతమంది మగవాళ్ళ ముందు, వాళ్ళ కొడుకుల ముందు, మా నాన్న ముందు అడిగాడు. అత్త తల దించుకోలేదు. అబద్ధం చెబితే అయిపోయేది. చెప్పలేదు.

"ఉన్నాను. మీ మావయ్యకి నోట్లో నురగొచ్చేత్తంటే, దినాలు సూసుకుని కూకోవాలేటి?" అంది. 'మీ మావయ్య' అన్నది నన్ను చూసే. కులపెద్ద ముఖం చూసి మాట్లాడటం ఇష్టంలేక కాబోలు.

కూర్చున్నవాళ్ళు గుసగుసలాడారు. ఒక ముసలాయన ఛీ అని పక్కకు ఉమ్మేశాడు. ఆ ఉమ్మి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. మర్నాడు డోంగీని పసుపునీళ్ళతో కడిగారు. అమ్మవారికి కోడిని కోశారు. అత్త పడవల దగ్గరకు రాకూడదన్నారు. ఆమె రక్తం, ఆమె మొగుడి వాంతి, రెండూ కలిసిన ఆ పడవలో వాళ్ళకు ఆమె రక్తం ఒక్కటే కనిపించింది. కాలికి కట్టుతో అరుగు మీద కూర్చున్న మావయ్య ఆ కట్టు ముడే సర్దుకుంటూ ఉండిపోయాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆ ఏడాదే మా బడికి మెయిన్‌లాండ్ నుంచి కొత్త తెలుగు మేష్టారు వచ్చారు. యువకుడు, ఉత్సాహవంతుడు. అత్త సంగతి పిల్లల ద్వారా ఆయన చెవిన పడింది. వార్షికోత్సవానికి నాటకం తానే రాస్తానన్నారు. మా అమ్మమ్మలు చెప్పే కథే. రాక్షసుడు రాజకుమారిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోతాడు, రాకుమారుడు వెళ్ళి విడిపిస్తాడు. మేష్టారు దాన్ని తిరగేశారు. రాకుమారుడు దెబ్బతిని పడిపోతాడు. రాజకుమారే రాక్షసుణ్ణి కట్టిపడేసి, రాకుమారుణ్ణి పడవలో వేసుకుని తెడ్డు వేస్తూ ఇంటికి చేరుతుంది.

"స్వతంత్రం వచ్చిన దేశంలో రాజకుమారి ఇంకా కిటికీలో కూర్చుని ఏడుస్తుంటే ఎలా?" అన్నారు మేష్టారు. ఆ మాటకు నా ఒళ్ళు పులకరించింది. గొంతు పెద్దదని రాజకుమారి వేషం నాకే ఇచ్చారు.

రిహార్సల్ మొదలైంది. అట్టతో పడవ చేసి నీలం రంగు వేశారు. నాకు హెడ్మాస్టరు గారి భార్య పట్టుచీర, జడకు కనకాంబరాలు. నేను ఇంటి నుంచి పాత గుడ్డపీలికలు తెచ్చి చేతులకు చుట్టుకున్నాను.

"ఏమిటవి?" అన్నారు మేష్టారు.

"చేతులు ఊడిపోతాయి కద సార్. మా అత్తకి అలాగే అయింది. మధ్యలో వాంతి కూడా చేసుకోవాల."

ఆయన ముఖం ముడుచుకుపోయింది. "ఛీ! అసహ్యంగా ఉంటుందమ్మా. వీరనారి చూడముచ్చటగా ఉండాలి. గాజులు కనపడాలి," అని తన చేత్తోనే ఆ పీలికలు విప్పేసి కిటికీలోంచి బయట పడేశారు.

అప్పటిదాకా ఆయన అంటే నాకు గొప్ప. ఆ క్షణం నుంచి ఆ పట్టుచీర ముళ్ళకంపలా అనిపించింది. రాజకుమారి తెడ్డు వేస్తున్నప్పుడు పాడాల్సిన పాట ఒకటి రాశారు. ఎదురుగాలిలో తెడ్డు వేసే మనిషికి పాటకు ఊపిరెక్కడిది? పాడమన్నారు, పాడాను.

వార్షికోత్సవం నాడు హాలు నిండిపోయింది. ముందు వరసలో ముఖ్య అతిథిగా వచ్చిన ఆఫీసరు, ఆయన పక్కన మావాళ్ళ తరఫున పెద్దమనిషిగా కులపెద్ద. అత్త కూడా వచ్చి ఎక్కడో వెనక, తలుపు దగ్గర నిలబడింది. నేను అట్టపడవలో కూర్చుని, కనకాంబరాలు ఒక్కటీ రాలకుండా, పాడుకుంటూ ఏడు సముద్రాలు దాటాను. రాజ్యంలో జనం వేషం వేసిన పిల్లలంతా జేజేలు పలికారు. హాలు మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. అందరికన్నా ముందు లేచింది కులపెద్ద.

ఆయన స్టేజి మీదకు వచ్చి నాకు కప్పు అందించాడు. పాన్ నములుతూనే నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ నోటి వాసన నా ముఖానికి కొట్టింది.

"మన ఆడపిల్లలు ఇలాగుండాల! దైర్నం అంటే ఇదీ!" అని మైకులో అన్నాడు.

పాకలో ప్రశ్న అడిగిన నోరే ఇది. మైకు ఆయన చేతిలోనే, నా ముఖానికి దగ్గరగా ఉంది.

"తాతా, మరి ఈ పడవని కూడా పసుపునీళ్ళెట్టి కడుగుతారా?" అన్నాను.

ఆఫీసరుకు తెలుగు రాదు, పక్కవాణ్ణి ఏమిటని అడుగుతున్నాడు. ఇప్పుడు ఈయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడా అని చూశాను. కులపెద్ద మైకు దగ్గరకు లాక్కుని, పెద్దగా నవ్వాడు.

"గుంట బలే మాటకారి భయ్యా! అట్టపడవని కడిగితే నానిపోదేటి?"

హాలంతా గొల్లుమంది. మా మేష్టారూ నవ్వారు. నాన్న కూడా, తల వంచుకుని అయినా, నవ్వాడు. చప్పట్లు మళ్ళీ మోగాయి. తిట్టినా, కొట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. ఆ నవ్వులో నా ప్రశ్న ఎటుపోయిందో తెలియకుండా పోయింది. తలుపు దగ్గర చూస్తే అత్త లేదు.

మర్నాడు పొద్దున్నే అత్త మా ఇంటికి వచ్చింది. నేను ఎదురువెళ్ళాను, మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"నన్నెందుకే సబలోకి లాగినావు? ఆ నాటకమేటి, ఆ పాటేటి? నాను పాటలు పాడుకుంటా వొచ్చినానా?"

"నిన్ను గొప్పగా చూపించాలని రాసేరు అత్తా."

"నాకు గొప్పొద్దు. నాకు దైర్నం లేదు, బయమేసింది. మీ మావయ్య సచ్చిపోతాడని, నీళ్ళల్లో పడిపోతానని బయమేసింది. దేవుడా, ఈ ఒక్కపాలికి ఒడ్డెక్కించు అని ఏడ్సుకుంటా వొచ్చినాను. అది సూపెట్టండి సూపెడితే. లేదంటే మానీండి."

అమ్మ టీ ఇచ్చింది. తాగకుండా వెళ్ళిపోయింది.

మావయ్య కాలు పూర్తిగా బాగుపడలేదు. పాదం నేల మీద గట్టిగా ఆనేది కాదు. వేటకు తోడు రమ్మంటే ఒక్కొక్కరూ ఒక్కో సాకు చెప్పారు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ఒకరోజు తెల్లారాక, అందరూ చూస్తుండగానే, అత్త తెడ్డు భుజాన వేసుకుని డోంగీ దగ్గరకు నడిచింది. మావయ్య కుంటుకుంటూ వెనక నడిచాడు. ఆమె తెడ్డు వేసేది, అతను కూర్చుని వల వేసేవాడు. కులపెద్ద కబురు పంపాడు. అత్త ఆ కబురు తెచ్చినవాడితో, "మా ఇంటికి బియ్యం పంపమను, మానేత్తాను," అంది. బియ్యం రాలేదు. ఆమె మానలేదు. మొదట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముఖం తిప్పుకున్నారు. తర్వాత తర్వాత ఆమె దగ్గరే చేపలు కొన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టకపోవడమే మేలనిపించింది నాకు.

కొన్నేళ్ళు గడిచాయి. నాకు ఉద్యోగం వచ్చింది. డిగ్లీపూర్‌లో బంధువుల పెళ్ళికని అందరం ఫీనిక్స్ బే జెట్టీలో బోటు కోసం టికెట్ల లైనులో నిలబడ్డాం. నేనూ అత్తా ఒకచోట, చేతిలో పెళ్ళివాళ్ళకు పట్టుకెళ్తున్న ఎండుచేపల బుట్ట. మాకు కాస్త ముందు కులపెద్ద, బాగా ముసలివాడైపోయాడు. చుట్టూ మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా వచ్చిన కుర్ర ఉద్యోగులు. వాళ్ళకు కథ చెబుతున్నాడు.

"మాలో ఒక పతివ్రత ఉండేది బాబూ. మొగుడికి ఇసమెక్కితే, అమ్మోరికి దండమెట్టి తెడ్డట్టింది. సముద్రం దారిచ్చేసింది. గాలాగిపోనాది. పసుపూ కుంకుం సెక్కుసెదరకుండా, ఎంటికి సెదరకుండా ఒడ్డెక్కేసింది. మేమంతా ఎదురెల్లి దండేసినాం."

కుర్రవాళ్ళు నోరు తెరుచుకుని వింటున్నారు. ఒకడు "గ్రేట్ సార్" అన్నాడు. నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. ఎదురుగాలి పోయింది, వాంతి పోయింది, పాకలో అడిగిన ప్రశ్న పోయింది. ఉమ్మేసిన చోట దండ వేశారు. వెళ్ళి ఆయన మాటకు అడ్డుపడబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె అరచెయ్యి గరుకుగా, చెక్కలా ఉంది. చాలాసేపు శ్రద్ధగా ఆ కథంతా విని, నా వైపు తిరిగింది.

"ఎవలి గురించే సెప్తన్నాడు?" అని అడిగింది.

ఆట పట్టించడానికి కాదు. నిజంగానే తెలియక అడిగింది.

"నీ గురించే అత్తా."

అత్త ఆయన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"ఛీ," అని, ఎండుచేపల బుట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుని, లైనులో ముందుకు జరిగింది.