నేను తీసిన బర్

కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో నేను ఫిట్టర్‌ని. పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఎవరూ అడక్కపోయినా ఈ సంగతి చెబుతుంటానని మా ఆవిడ ఫిర్యాదు. ఏ ముక్క ఏ సందులో కూర్చుంటుందో చేత్తో తడిమి చెప్పగలనన్న గర్వం నాది. పాత ఫోన్ల చార్జర్ పిన్నుకు పైవైపు, కిందవైపు అని ఉండేవి కదా. ఇంట్లో వాళ్లంతా తిప్పి తిప్పి పొడుస్తుంటే, నేను మాత్రం బొటనవేలితో తడిమి, కరెంటు పోయిన చీకట్లో కూడా ఒక్కసారికే పెట్టేవాణ్ని. దాన్ని కూడా ఒక విద్య అనుకుని మురిసిపోయాను.

నా పాత ఫోను తెర నల్లబడిపోతే మా అమ్మాయి కొత్తది కొనిచ్చింది. అప్పటికే తనకు నెలలు నిండాయి. మొదటి కాన్పుకని సైదాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. అల్లుడు ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉన్నాడు. పిల్లకు కాన్పంటే మహా భయం.

"నన్ను లోపలికి తీస్కపోయేటప్పుడు నువ్వు ఆడ ఉండాలె బాపూ. అమ్మ ఏడుస్తది, నాకింక భయమైతది" అంది.

"డ్యూటీల ఉన్నా సరే, ఒక్క ఫోన్ కొట్టు బిడ్డా. ఉరికొస్త" అని మాటిచ్చాను. సెలవులేమో పాపో బాబో పుట్టాక పెడదామని దాచుకున్నాను.

కొత్త ఫోను చార్జింగ్ రంధ్రం వేరే రకం. టైప్-సి అంటారట. "ఎట్లనైనా పెట్టు బాపూ, పోతది" అని అమ్మాయి చూపిస్తే నాకు ఒళ్లు మండింది. ఎటు పెట్టినా పోయేదానికి ఇక చేతి పనితనం ఎందుకు? అయినా పెట్టబోయే ముందు పైవైపు ఏదా అని నా వేలు తడుముతూనే ఉంది. అది చూసి అమ్మాయి నవ్వింది.

మా ఫ్యాక్టరీలోకి ఫోన్లు రానివ్వరు. గేటుకు ఎదురుగా ఉన్న చాయ్ దుకాణంలో, దాన్ని నడిపే భాయ్ దగ్గర పెట్టి లోపలికి పోతాం. అక్కడ గోడకు ఒక చెక్క బోర్డు, దానికి వరసగా ప్లగ్గులు, ఎవరి వైరు వారిది. నా వైరుకు ఎర్ర దారం కట్టి ఉంటుంది. ఎవరి ఫోనైనా మోగితే భాయ్ ఎత్తి, గేటు దగ్గర చెబితే, వాళ్లు లోపలికి కబురు పంపుతారు. డ్యూటీ అయ్యేసరికి ఫోను ఎలాగూ నిండి ఉంటుంది కాబట్టి నేను ఇంట్లో చార్జింగే పెట్టను. ఇంటి కరెంటు మిగులుతుందని నా తెలివి.

కొత్త ఫోను వచ్చాక మొదటి డ్యూటీ రోజు, పొద్దున బ్యాటరీ అడుగంటిన ఫోనుతో దుకాణానికి చేరాను. ఎర్ర దారం వైరు తీసి పెట్టబోతే దిగలేదు. కొత్త వైరు ఇంట్లోనే మరిచాను. పక్కవాళ్ల వైరు అడిగితే అయిపోయేది, వాళ్లవన్నీ ఎప్పుడో కొత్త రకానికి మారాయి. కానీ నేను, ఫిట్టర్‌ని, ఒకరిని వైరు అడగడమా? కంటితోనే కొలత చూశాను. రంధ్రం పెద్దది, పిన్ను చిన్నది. పోయి తీరాలి. కళ్లజోడు సర్దుకుని లోపలికి చూస్తే దోషం దొరికింది. రంధ్రం నడుమ సన్నటి రేకు ఒకటి అడ్డంగా నిలబడి ఉంది.

బర్! లోహాన్ని కోసినప్పుడు అంచున మిగిలిపోయే పనికిరాని ముక్కను మేము బర్ అంటాం. అది కనబడితే నా చెయ్యి ఊరుకోదు. తాళాల గుత్తికి ఉన్న పిన్నీసు తీసి ఇటూ అటూ కదిలించాను. టిక్కుమని ఊడొచ్చింది. ఆ తర్వాత పిన్ను హాయిగా దిగింది. కాస్త వదులనిపిస్తే అగ్గిపుల్ల చెక్కి పక్కన బిగించాను. చార్జింగ్ ఎక్కుతోందా అని తెర చూడాలన్న ఆలోచనే రాలేదు. ఊడిన ముక్కను కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాను, సాయంత్రం అమ్మాయికి చూపించి గొప్ప చెప్పుకుందామని.

భోజనాల వేళకు ముందే గేటు నుంచి కబురొచ్చింది. పరుగెత్తుకుంటూ పోతే భాయ్ ఎదురొచ్చాడు.

"అన్నా, భాభీ నా నంబర్‌కు చేసింది. బిడ్డను దవాఖానకు తీస్కపోయిన్రంట. నీ ఫోన్ బంద్ వస్తున్నదంట!"

మా ఆవిడ భాయ్ నంబరు ఎప్పుడో తీసి పెట్టుకుంది. నా తెలివి మీద ఆమెకున్న నమ్మకం అలాంటిది.

"బంద్ ఎట్లయితది భాయ్? చార్జింగ్ పెట్టిన. బర్ గూడ తీసిన" అంటూ పొట్లం విప్పాను.

భాయ్ ఆ ముక్కను చూశాడు, ఫోను రంధ్రంలోకి చూశాడు, నా మొహం చూశాడు. "అరె, క్యా కరే అన్నా! బర్ ఏంది? గిది దాని నాలుక. గీ నాలుకతోనే కరెంట్ తీస్కుంటది."

సైదాబాద్ దవాఖాన దాకా స్కూటర్ మీద నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. తిట్లు అయిపోయాక భయం మొదలైంది. పిల్ల ఎన్నిసార్లు ఫోన్ చేసిందో. నేను రాకుండానే లోపలికి తీసుకుపోయారేమో. అక్కడ ఎవరి మొహం కోసం వెతుక్కుందో.

కాన్పు గది తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగి ఉంది. అమ్మాయి తలుపు చట్రాన్ని పట్టుకుని వదలడం లేదు. నర్సు విసుక్కుంటోంది, మా ఆవిడ ఏడుస్తోంది.

"ఫోన్ ఎందుకు కలుస్తలేదు బాపూ? ఎన్నిసార్లు కొట్టిన!"

ఏదో ఒక అబద్ధం చెబుదామనుకున్నాను. నోటికి రాలేదు. పొట్లం విప్పి చూపించాను. "ఫోన్ల బర్ ఉన్నదని పీకేసిన బిడ్డా. అది దాని నాలుకంట."

ఒక్క క్షణం ఆ ముక్క వైపే చూసింది. తర్వాత పక్కున నవ్వింది. నొప్పి వస్తే ఆగడం, తగ్గగానే మళ్లీ నవ్వడం. "అమ్మా, ఫోన్ నాలుక పీకిండే బాపు!" అని చెప్పి వాళ్లమ్మను కూడా నవ్వించింది. చట్రం మీది చెయ్యి ఎప్పుడు వదిలిందో నేను చూడనే లేదు. నవ్వుకుంటూనే లోపలికి పోయింది. తలుపు మూసుకున్నాక నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం నర్సు బయటికొచ్చి గట్టిగా అడిగింది. "ఫోన్ నాలుక పీకిన తాత ఎవరు?"

వరండాలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. లేచి నిలబడ్డాను.

"ఆడపిల్ల. తల్లీబిడ్డ మంచిగున్నరు, వచ్చి చూడున్రి. కానీ మీ బిడ్డ ఒక మాట చెప్పుమన్నది. పాపకు అన్నీ సక్కగనే ఉన్నయంట, ఏం పీకొద్దంట."

చేతులు రెండూ వెనక్కి కట్టుకుని లోపలికి వెళ్లాను.