అందరూ అన్నయ్యలే అయిన చోట

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, మా ఇంట్లో పట్టపగలు కూడా తాళం వేసుకుని కూర్చున్న రోజుల గురించి చెబుతాను, వినండి. నా మనవరాలు కృపకు పదహారేళ్ళు. బుద్ధి ఎదుగుదల తక్కువగా పుట్టిన బిడ్డ, మాట ఆలస్యంగా వచ్చింది, లెక్క ఇప్పటికీ రాదు, ప్రేమలో మాత్రం ఎవరికీ తక్కువ చేయదు. చిన్నప్పుడు ఉయ్యూరులోని మా మందిరంలో ఆరాధన అయిపోగానే అందరి దగ్గరికీ పరుగెత్తి మెడలు వాటేసుకునేది, అంతా బుగ్గలు గిల్లి మురిసిపోయేవారు. అన్నయ్యకు షేక్‌హ్యాండ్ ఇవ్వమ్మా, బాబాయికి ముద్దివ్వమ్మా అని నేర్పింది మా సంఘమే!

అదే బిడ్డ ఎదిగాక, ఒక ఆదివారం కొత్తగా వచ్చిన యువకుణ్ణి వాటేసుకుంటే మందిరమంతా గుసగుసలు. ఒక పెద్దావిడ నా కూతురు నిర్మలను పక్కకు పిలిచి, "ఎదిగిన పిల్లమ్మా, ఇంక ఇంట్లోనే ఉంచుకో, ప్రార్థన మేం చేస్తాంగా" అంది. నిర్మల హడలిపోయింది. బయట ఎవడైనా ఈ అమాయకత్వాన్ని అలుసుగా తీసుకుంటే? ఆ రోజు నుండి మందిరం లేదు, వీధి లేదు. ఆదివారం పాటలు వినబడితే కృప కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చేది.

నేను మోకరించి, "ప్రభువా, ఈ బిడ్డను మార్చమని నిన్ను అడగను, నీవు చేసిన బిడ్డే కదా! నీ ఇంట్లో దీనికి చోటు లేకపోతే నాకూ వద్దు, దారి చూపించు" అని మొండిగా ప్రార్థించాను. ఆయన కోపగించుకోలేదు, విన్నాడు!

విజయవాడలో ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకు తరగతులు చెబుతారని తెలిసి బస్సెక్కాము. సునీత గారనే టీచరు, పరాయివాళ్ళను ముట్టుకోకూడదని పిల్లలకు నేర్పమన్నారు. ఇంటికి వచ్చి నేర్పితే కృప, "పరాయోళ్ళంటే ఎవరమ్మమ్మా?" అంది. ఏమని చెప్పను? మందిరంలో అందరూ అన్నయ్యలూ అక్కయ్యలూ, బస్సు కండక్టరు బాబాయి, పాలాయన తాతయ్య! మళ్ళీ వెళ్ళి, "మీ పాఠం మా ఇంటికి సరిపోదండీ" అన్నాను. ఆవిడ నొచ్చుకోకుండా, "అయితే మార్చుకుందాం మామ్మగారూ, మీ ఇంటికి ఏది సరిపోతుందో మీరే చెప్పండి" అన్నారు. కృపను కూడా కూర్చోబెట్టుకుని ఆలోచించాము. ఎవరు మనవాళ్ళు, ఎవరు కాదు అని విడదీయడం మానేశాము. కౌగిలి అమ్మకూ అమ్మమ్మకూ మాత్రమే, మిగిలిన ఎవరికైనా సరే రెండు చేతులూ జోడించి వందనాలు. అద్దం ముందు చేయించాము, అరుగు మీద చేయించాము, బస్టాండులో చేయించాము, విసుక్కుంటే ఆపాము, నవ్వితే మళ్ళీ మొదలుపెట్టాము. నేర్చుకుంది! దేవునికే మహిమ!

తిరిగి మందిరానికి తీసుకొచ్చాము. గుమ్మంలో చేతులు జోడించి నిలబడితే, ఒక సంఘపెద్ద, "మా దగ్గర కూడా ఏంటే ఇది, ఇటు రా" అని చెయ్యి పట్టి లాగాడు. నేర్చుకున్న చేతులు విడిపోయాయి, బిడ్డ బెదిరిపోయి నా వైపు చూసింది. సాక్ష్యాల సమయంలో నేను లేచి, ఈ బిడ్డ చెయ్యి ఎవరూ పట్టుకోవద్దు, పాస్టరుగారితో సహా అన్నాను.

"పిల్లకి చెప్పాల్సిన పాఠం సంఘానికి చెబుతారేంటండీ మామ్మగారూ?" అని వెనక నుండి ఎవరో నవ్వారు.

"పిల్లకి వచ్చేసిందండీ. మీకే రాలేదు!" అన్నాను.

పాస్టరుగారు స్టేజీ దిగి వచ్చి, కృప ముందు నిలబడి, చేతులు జోడించి, "వందనాలమ్మా" అన్నారు. కృప జోడించింది. ఆ సంఘపెద్ద కూడా, కాస్త ఆలస్యంగానైనా, జోడించాడు.

ఇప్పుడు మా ఇంటికి పగలు తాళం లేదు. సహోదరులారా, మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ తలుపుల వెనక ఉంటే, లోకానికి సిగ్గుపడకండి, దేవుణ్ణి నమ్మి బయటికి తీసుకురండి. ఇంత మొండిదాన్ని కూడా విసుక్కోకుండా విన్న నా తండ్రికి స్తోత్రం! వచ్చే ఆదివారం మా మందిరానికి రండి, స్త్రీల వైపు రెండో వరుసలో మేముంటాము. కృప మీకు వందనాలు చెబుతుంది, మీరూ చెప్పండి. చెయ్యి మాత్రం చాపకండి!