చెత్తబుట్టలో చీజ్ బిస్కెట్లు

ఒక శుక్రవారం సాయంత్రం, పిల్లలంతా ఇళ్ళకు పోయినాక, మా బడి ఊడ్చే ఆయమ్మ నన్ను వరండా చివరికి పిలిచింది. ఆమె చేతిలో నలిగిపోయిన కాగితం పొట్లం ఉంది.

"మేడం, ఇవి మీవే కదా?"

విప్పి చూశాను. పొద్దున స్టాఫ్ రూంలో నేను పంచిన చీజ్ బిస్కెట్లు. ఆరు. ఒక్కదాన్నీ కొరకలేదు.

"సోషల్ మేడం బల్ల కింద చెత్తబుట్టలో ఉన్నాయి. పోయిన వారం కూడా ఇట్లే ఉన్నింటే, పిల్లోళ్ళెవరో పారేసినారనుకున్యా. ఈరోజు ఆమె వేస్తాంటే నేనే చూసినా. నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దమ్మా."

చెప్పనన్నాను. పొట్లం హ్యాండ్ బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను. కడప వచ్చేదాకా ఆ బ్యాగును ఒళ్ళో గట్టిగా పట్టుకునే కూర్చున్నాను. పక్క సీటావిడ ఏదో అడిగింది. ఏమడిగిందో, నేనేం చెప్పానో గుర్తు లేదు.

ఆ బిస్కెట్లు నాకు ఊరికే రాలేదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో చిన్న కరెంటు ఓవెన్ కొన్నాను. మా పాపకు ప్యాకెట్లో వచ్చే చీజ్ క్రాకర్లంటే ఇష్టం. ప్యాకెట్ విప్పితే సగం గాలే. ఇంట్లోనే చేద్దామని ఫోన్లో వీడియోలు చూస్తుంటే మా అమ్మ వచ్చి తొంగి చూసింది.

"క్రాకర్లంటే టపాకాయలు కదమ్మే. వాటినెవరు తింటారు?"

మొదటిసారి అడుగు మాడి, పైన పచ్చిగా ఉండిపోయాయి. రెండోసారి కడపబండల్లాగా వచ్చాయి. మా అమ్మకు ఉన్న నాలుగు పళ్ళూ పోతాయని లాక్కున్నాను. తర్వాత అర్థమైంది, తప్పు వెన్నది. పిండిలో కలిపేటప్పుడు వెన్న గట్టిగా, చల్లగా ఉండాలి. మే నెల కడపలో ఫ్రిజ్ నుంచి గట్టు మీదికి వచ్చేలోపే అది నూనె అయిపోతుంది. అందుకని పొద్దున ఐదింటికి లేచి కలపడం మొదలుపెట్టాను. సగం మైదా, సగం జొన్నపిండి. తురిమిన చీజ్, కారంపొడి, నలిపిన వాము. నీళ్ళు చెంచాడు కూడా పట్టవు. ముద్దను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, చపాతీ కర్రతో పలచగా ఒత్తి, చతురస్రాలుగా కోసి, పూరీల్లా పొంగకుండా ఫోర్కుతో పొడవాలి. అవి ఎర్రబడేటప్పుడు వచ్చే వాసనకు పక్కింటివాళ్ళు గోడ మీదుగా పలకరించేవాళ్ళు. "ఏం చేస్తాండావు మేడం, మాకు లేవా?" అని. ఒక గిన్నె అటు ఇచ్చేదాన్ని.

బడి తెరిచినాక ప్రతి శుక్రవారం ఒక స్టీలు డబ్బా నిండా తీసుకుపోవడం అలవాటు చేసుకున్నాను. నేను లెక్కల టీచర్ని. పల్లెలో హైస్కూలు. స్టాఫ్ మొత్తం తొమ్మిదిమంది. హిందీ టీచరు నాకు స్నేహితురాలు, డబ్బా మూత తీయకముందే చెయ్యి చాపేది. కొందరు తినేవాళ్ళు కాదు. ఒకరికి షుగర్, ఒకరికి పంటినొప్పి, ఇంకొకరికి నూనె వస్తువులు పడవు. ఇవి నూనెలో వేయించినవి కావు సార్ అని చెప్పినా, పడదమ్మా అనేవాడు. ఎవరికి నిజంగా షుగరో, ఎవరికి నేను చేసినవి కాబట్టి షుగరో నాకెట్లా తెలుస్తుంది? మనిషిని కాల్చుకు తినేది ఆ తెలియకపోవడమే. ఊరికే అనుమానపడుతున్నానేమోనని ఎన్నోసార్లు నన్ను నేనే తిట్టుకున్నాను.

సోషల్ మేడం మాత్రం ఎప్పుడూ వద్దనలేదు. నవ్వుతూ ఆరో ఏడో తీసుకుని కాగితంలో చుట్టుకునేది. "మా పిల్లోళ్ళకు శానా ఇష్టం మేడం, ఇంటికి తీసుకపోతా" అనేది. ఆమెది ఆ చుట్టుపక్కల పెద్ద భూములున్న ఇల్లు. మా సొంతూరు కమలాపురం దగ్గర పల్లె. ఊరి చివర చర్చి, చర్చి వెనకాల మా ఇళ్ళు. అలాంటి ఇళ్ళ పొలాల్లోనే మా అమ్మ శనక్కాయలు పెరికింది. ఇవన్నీ ఇద్దరికీ తెలుసు. ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఎనిమిదో తరగతికి అంటరానితనం నేరమని పాఠం చెప్పేది ఆమే. నా తరగతి ఆ పక్కనే కాబట్టి గోడ అవతలి నుంచి ఆమె గొంతు నాకు వినిపించేది. బాగా చెబుతుంది కూడా.

ఆ సాయంత్రం పొట్లం మా అమ్మ ముందు విసిరికొట్టాను. సంగతంతా చెప్పాను. మా అమ్మ బిస్కెట్లను ఏరి పళ్ళెంలో పెట్టింది.

"మా కాలంలో చేతులు దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు. అది కండ్ల ముందరే జరిగేది. వీళ్ళు నవ్వి తీసుకుని పారేస్తాండారు" అంది. తర్వాత, "గమ్మునుండు బిడ్డా. ఉద్యోగం చేసుకునే చోట తగాదా వద్దు. రేపట్నుంచి తీసుకపోవద్దు, అంతే" అంది.

మా అమ్మ మీద అరిచాను. "నేనెందుకు మానుకోవల్ల? నేనేం తప్పు చేసినా?" అని. ఆమె లేచి లోపలికి పోయింది. అరవాల్సినవాళ్ళ మీద అరవలేక ఆమె మీద అరిచానని తెలుసు. ఆ తెలిసిరావడం కోపాన్ని ఇంకా పెంచింది.

రెండు వారాలు డబ్బా తీసుకుపోలేదు. సోషల్ మేడం ఒకరోజు, "ఏం మేడం, ఈమధ్య బిస్కెట్లు లేవు?" అని అడిగింది. ఆ గొంతులో వెక్కిరింపు ఏమీ లేదు. మామూలుగా, ప్రేమగా అడిగింది. నా చెవులు వేడెక్కిపోయాయి. "తీరిక లేదు" అన్నాను. ఎందుకట్లా అన్నానో ఇప్పటికీ నా మీద నాకు మంట.

తర్వాత బడిలో తల్లిదండ్రుల మీటింగ్ వచ్చింది. తినేవాటి బాధ్యత హిందీ టీచరుది. ఆమె నా దగ్గరికి వచ్చి, "అక్కా, మీ బిస్కెట్లు రెండు డబ్బాలు కావల్ల" అంది. చెత్తబుట్ట సంగతి ఆమెకు తెలియదు. సరేనన్నాను. మీటింగ్ రోజు ఆమె బేకరీ నుంచి తెచ్చిన మిక్చరు, కేకులతో పాటు నా బిస్కెట్లనూ కాగితం పళ్ళేల్లో సర్దింది.

తల్లిదండ్రులు పోయినాక మేమంతా స్టాఫ్ రూంలో కూర్చుని టీ తాగుతున్నాం. సోషల్ మేడం నా ఎదురుగానే ఉంది. బిస్కెట్ ఒకటి తీసుకుంది. ఇంకొకటి తీసుకుంది. చతురస్రాల బదులు ఈసారి పొడుగ్గా కోశాను, ఆమె గుర్తుపట్టలేదు. ఐదు తిన్నది. నేను చూస్తూ కూర్చున్నాను. చెప్పాలా వద్దా అనుకుంటూనే ఉన్నాను.

"శానా బాగుండాయి ఇవి. యాడ తెచ్చినారు? ఏ బేకరీలో?" అని హిందీ టీచర్ని అడిగింది.

హిందీ టీచరు నోరు తెరిచేలోగా నేనే అన్నాను. "మా ఇంట్లోంచి మేడం. నేనే చేసినా."

ఆమె చేతిలో సగం బిస్కెట్ ఉంది. దాన్ని పళ్ళెం అంచున పెట్టింది. మొహం ఒక్క క్షణం ఖాళీ అయిపోయింది. తర్వాత నవ్వడానికి చూసింది.

"ముందే చెప్పల్ల కదా మేడం" అంది.

"చెప్పింటే ఏం చేసేటోళ్ళు? కాగితంలో చుట్టేటోళ్ళా?"

హెడ్మాస్టరు టీ గ్లాసు కింద పెట్టి, "మేడం, ఇప్పుడు అవన్నీ ఎందుకు" అన్నాడు.

"మా ఇంట్లో పెద్దోళ్ళు ఉండారు, పద్ధతులు ఉండాయి. నాకేం పట్టింపు లేదు, మా అత్తగారి కోసం…" అంది సోషల్ మేడం.

"మీ అత్తగారు ఈ గదిలోకి ఎప్పుడూ రాలేదు మేడం. ఆ చెత్తబుట్టలో వేసింది మీరు." నా గొంతు ఆ గదిలో నాకే కొత్తగా వినిపించింది. "తిననని చెప్పింటే నేను ఊరుకునేదాన్ని. బాధపడేదాన్ని, ఊరుకునేదాన్ని. మీ పిల్లోళ్ళ పేరు చెప్పి తీసుకున్యారు. నేను పొద్దున ఐదింటికి లేచి, మీ పిల్లోళ్ళ కోసమని కారం తగ్గించి వేరే ముద్ద కలిపేదాన్ని."

నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఏడుపనుకున్నారేమో. కోపంతోనూ వస్తాయి. ఆమె లేచి బయటికి పోయింది. కిటికీలోంచి కనిపించింది, కొళాయి దగ్గర నోరు పుక్కిలించుకుంటోంది. టీ తాగినాక ఎవరైనా పుక్కిలించుకుంటారు. కానీ ఆమె మూడుసార్లు పుక్కిలించింది. నేను లెక్కపెట్టాను.

మర్నాడు హెడ్మాస్టరు నన్ను తన గదికి పిలిపించాడు. "కలిసి పనిచేసుకునేవాళ్ళం. అందరి ముందరా అట్లా అనకుండా ఉండాల్సింది. పెద్దమనసు చేసుకుని ఒక సారీ చెప్పమ్మా, అయిపోతుంది" అన్నాడు.

"ఎవరు చెప్పల్ల సార్?"

"నువ్వేనమ్మా. మాట జారింది నువ్వు కదా."

"నేను చెప్పను సార్. రాసి అడగండి, ఏం జరిగిందో రాసిస్తా. చెత్తబుట్టతో సహా."

ఆయన ఫైలు తెరిచి చూసుకోవడం మొదలుపెట్టాడు. కాసేపు నిలబడి వచ్చేశాను. రాసి అడగలేదు. మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు.

స్టాఫ్ రూంలో కొన్నాళ్ళు నేను లోపలికి పోగానే మాటలు ఆగిపోయేవి. హిందీ టీచరు ఒక్కతే తన కుర్చీని నా పక్కకు జరుపుకుంది. కొత్తగా వచ్చిన సైన్స్ సార్ ఒకరోజు, "ఆ బిస్కెట్లు మళ్ళీ తెస్తారా మేడం?" అని నేల చూస్తూ అడిగాడు. తెచ్చాను. ఇప్పుడు ఎవరి బల్ల దగ్గరికీ పోయి ఇవ్వను. డబ్బా మూత తీసి నా బల్ల మీద పెడతాను. కావలసినవాళ్ళు లేచి వచ్చి తీసుకోవాలి. నలుగురు వస్తారు. సోషల్ మేడం రాదు. మొహమాటానికి కూడా రాదు. ఆ నవ్వు కంటే ఇదే నాకు నయం.

మా అమ్మకు సంగతంతా తెలిశాక తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, "పాస్టరు క్షమించమని వాక్యం చెప్పినాడు" అంది.

"ఆమె అడగలేదు కదమ్మా" అన్నాను.

"అడగలేదు" అంది మా అమ్మ. చీర కొంగు నడుముకు దోపుకుని, చపాతీ కర్ర నా చేతిలోంచి తీసుకుని బిస్కెట్ల పిండి ఒత్తడానికి కూర్చుంది. ఎంత చెప్పినా అంచులు మందంగానే ఒత్తుతుంది. పలచగా ఒత్తమని గట్టిగానే అన్నాను. ఆమె నన్నొకసారి చూసి, కర్ర మీద ఇంకాస్త బరువు వేసింది.