స్క్రీన్ వెలగని సాయంత్రం

కంబదూరులో నాకో ఇంటర్నెట్ షాపు ఉంది. కిరాణా కొట్టు ఇంట్లో పుట్టినవాణ్ణి, పుచ్చిన కందిపప్పైనా అంటగట్టగలను. స్క్రీన్ పోయిన కంప్యూటర్‌ను మాత్రం ఎవరికి అంటగట్టను? షాపు మూస్తుంటే చూపులేని లక్ష్మి వచ్చింది. టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలట.

"స్క్రీన్ పోయిండాది పాపా, రేపు రా."

"గడువు ఈ పొద్దే అన్నా. నాకు స్క్రీన్‌తో ఏం పని!" అని నవ్వుతూ కూర్చుంది.

ఏవో మీటలు నొక్కి కంప్యూటర్‌కు నోరొచ్చేలా చేసింది. అది చదివి వినిపిస్తుంటే ఫారమంతా నింపి ఎంటర్ నొక్కింది. ఫారం పోలేదు. సాయం చేద్దామని మౌస్ పట్టుకున్నాను గానీ, బాణం ఎక్కడుందో నాకేం తెలుసు?

"ఈ బ్రౌజర్‌లో ఎంటర్ పని చేయదులేన్నా, ఇంకోదాంట్లో చూస్తా."

మళ్లీ మొదటినుంచి నింపి ఎంటర్ నొక్కింది.

"మీ దరఖాస్తు అందింది" అంది స్పీకరు.

నేను చేతులు జోడించాను. అది ఆమెకు కనిపించదని ఆమె వెళ్లాక గానీ తట్టలేదు.