గోర్డన్‌కి ఐదు నిమిషాల ముందు

కోవిడ్‌కు ముందు సంవత్సరం, సెప్టెంబరులో, డెట్రాయిట్‌లోని ఒక నాటకశాలలో కొత్త నాటకానికి నన్ను స్టేజ్ మేనేజర్‌గా వేశారు. ఆ ఊరి శివారు నోవైలో ఉండే మనవాళ్ళకి నా ఉద్యోగం ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. థియేటర్ అంటే సినిమా హాలేననుకుని నన్ను టికెట్లు అడిగినవాళ్ళున్నారు. నా పని తెర వెనక. ఏ దీపం ఎప్పుడు వెలగాలో, ఎవరు ఎప్పుడు స్టేజీ మీదికి వెళ్ళాలో మైకులో చెప్పాలి. ఆట అయ్యాక ఆ రోజు జరిగినదంతా రిపోర్టు రాసి దర్శకుడికి పంపాలి.

నాటకంలో ముసలి ఇంగ్లీషు ప్రభువు వేషం గోర్డన్‌ది. ఆయన పుట్టింది డెట్రాయిట్ పక్కన పారే నదికి అవతలి ఒడ్డున, కెనడాలో. ఇరవై రెండేళ్ళకే లండన్ వెళ్ళి, యాభై ఏళ్ళు అక్కడే నటించారు. అక్కడ దొరికినవన్నీ అమెరికన్ వేషాలే: షెరీఫ్, సైన్యాధికారి, నూనె బావుల షావుకారు. తీరా అమెరికా వస్తే, లండన్ నుంచి వచ్చారు కదా అని ఇంగ్లీషువాణ్ణి చేశారు. ఈ సంగతి చెప్పి తనే పడిపడి నవ్వేవారు. రిహార్సల్ అయ్యాక నది ఒడ్డున నిలబడి, అవతల తమ ఇల్లుండే దిక్కు నాకు చూపించేవారు. ఎనభై దాటిన ఆయన అక్క, తమ్ముణ్ణి స్టేజీ మీద ఒక్కసారీ చూడలేదు. శనివారం ప్రారంభ ప్రదర్శనకి వంతెన దాటి వస్తానంది. ఆయన ఈ వేషం ఒప్పుకున్నది అందుకే.

ప్రారంభానికి ముందు టికెట్ పెట్టి వేసే ఆటల్ని ప్రివ్యూలంటాం. తెర లేవడానికి ఇంకా అరగంట, ఐదు నిమిషాలు అంటూ నటులకి మైకులో పిలుపులిస్తాను. మొదటి ప్రివ్యూలో ఆ పిలుపులయ్యాక నేను "ప్లేసెస్" అని పిలిచాను. అంటే అందరూ తమతమ చోట్లకి వచ్చి నిలబడాలి. గోర్డన్ రాలేదు. తెర నాలుగు నిమిషాలు ఆగింది. రిపోర్టులో రాశాను. రెండో రోజూ అంతే. మళ్ళీ రాశాను. రాయడంలో నేను మహా ఖచ్చితం. దర్శకుడికి ఆయన జ్ఞాపకశక్తి మీద అనుమానం వచ్చింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఆయన బదులు ఇంకో నటుణ్ణి దింపుతానని, అతనికి కోటు కుట్టి ఉంచమని చెప్పాడు. గోర్డన్ క్షమించమన్నారే తప్ప కారణం చెప్పలేకపోయారు. టైము ఎలా జారిపోతోందో తెలియడం లేదనీ, వయసేమోననీ నాతో అన్నారు.

దుస్తుల విభాగంలో గుంటూరు సుజాత ఉండేది. ఆ భవనంలో తెలుగువాళ్ళం మేమిద్దరమే. మూడో రోజు మధ్యాహ్నం ఆ కోటు కుడుతూ అంది:

"అక్కా, ఆయన మర్చిపోవట్లేదు. నువ్వు ఫైవ్ మినిట్స్ కాల్ ఇచ్చాక కూడా తాపీగా టీ తాగుతున్నారు. విగ్ పెట్టమంటారా అంటే, ఇంకా టెన్ మినిట్స్ ఉందిగా అన్నారు. రెండు రోజులూ సేమ్ మాట."

"నిన్ననే ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు అడిగావా? రిపోర్ట్ రాసుకుంటూ కూర్చున్నావ్."

గోర్డన్ గదికి పరుగెత్తి, లండన్‌లో పిలుపులు ఎలా ఇస్తారని అడిగాను. అక్కడ ప్రతి పిలుపూ ఐదు నిమిషాలు ముందే ఇస్తారు. అరగంట అని పిలిచేది ముప్పై ఐదు నిమిషాలుండగా, ఐదు అని పిలిచేది పదుండగా. ఇక్కడ నేను ఐదు అంటే సరిగ్గా ఐదే. తెర లేవడానికి ఐదు నిమిషాల ముందే నటులు సిద్ధంగా నిలబడాలని ఆ ఏర్పాటు. యాభై ఏళ్ళు దానికి అలవాటు పడ్డ మనిషి గడియారం చూడరు, పిలుపే వింటారు. రిహార్సల్స్‌లో ఈ పిలుపులుండవు కనక తేడా బయటపడలేదు. నేను శిక్షణలో చదువుకున్న సంగతే ఇది. సిగ్గేసింది. గోర్డన్ మాత్రం, అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట అని రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు.

వెంటనే దర్శకుడికి సవరణ పంపాను: రెండు రోజుల ఆలస్యానికీ బాధ్యత స్టేజ్ మేనేజర్‌ది. ఆ సాయంత్రం పది నిమిషాలుండగానే వెళ్ళి ఆయన తలుపు తట్టాను. అందరికంటే ముందే వచ్చి నిలబడ్డారు. సగం కుట్టిన కోటుని సుజాత హ్యాంగరుకి తగిలించేసింది.

శనివారం అక్క మూడో వరసలో కూర్చుంది. ఆట అయ్యాక తెర వెనక్కి వచ్చి, తమ్ముడి పెట్టుడు మీసం తనే ఊడదీసి, అక్కడ అమెరికన్‌వి, ఇక్కడ ఇంగ్లీషువాడివి, మన ఊరివాడివి ఎప్పుడవుతావని అడిగింది. ఆయన నవ్వబోయి ఏడ్చేశారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కొత్తగా వచ్చిన ప్రతి నటుణ్ణీ మొదటి రోజే అడిగేదాన్ని, మీ దగ్గర పిలుపు ఎన్ని నిమిషాల ముందని. ఆలస్యమని రాసేముందు ఎందుకని అడగడం కూడా నా ఉద్యోగంలో భాగమే. ఆ రెండు రోజులూ అడగడానికి నాకు తీరిక దొరకలేదు. రాయడానికి మాత్రం దొరికింది.